వల మాది, పాట ఇంకొకరిది

మా మేనమామ ఇంట్లో దూలానికి వేలాడే రేకుపెట్టె ఒకటి ఉంది. అందులో బంగారం లేదు, పట్టాదారు పుస్తకమూ లేదు. ఉన్నవన్నీ రసీదులే. మత్స్యకార సహకార సంఘంలో చేరినప్పుడు కట్టిన వాటాధనం రసీదు, ఏటేటా చెరువు కౌలులో తన వంతు కట్టినందుకు కార్యదర్శి చిత్తు కాగితం మీద రాసిచ్చిన చీటీలు, చేపపిల్లల ఖర్చు లెక్కలు, జలాశయంలో వేటాడిన రెండు మూడేళ్ల లైసెన్సు కార్డులు, మా అత్త ఎమ్మిగనూరు సంతలో బుట్ట దించినందుకు వసూలు చేసిన ఆశీలు చీటీలు. కొన్నిటి మీద సిరా కరిగిపోయింది. కొన్నిటికి చేప పొలుసు ఇంకా అంటుకునే ఉంది.

ఇన్ని కాగితాలున్నాయి గదా మామా, చెరువు మీద నీకేం హక్కుందో ఏ కాగితంలో రాసి ఉంది అని అడిగాను. ఆయన నవ్వాడు. "హక్కు యాడిది అల్లుడా? ఇవన్నీ మనం ఇచ్చినేటివి. మనకిచ్చినేది ఒగటీ ల్యా" అన్నాడు.

వృత్తి కులాల గురించి మనం చాలా రాశాం, చాలా మాట్లాడాం. రిజర్వేషన్లో వాటా, చట్టసభల్లో సీట్లు, కార్పొరేషన్లకు నిధులు, కులగణన చర్చకు వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. అయితే ఒక కులం తన కులవృత్తి చేసుకోవడానికే ఏడాదికి ఎంత చెల్లిస్తుంది, ఎవరికి చెల్లిస్తుంది, అందుకు బదులుగా ఏం పొందుతుంది అన్న లెక్కను మాత్రం ఎవరూ వేయలేదు. నేతగానికి మగ్గం సొంతం. కుమ్మరికి సారె సొంతం. కమ్మరికి కొలిమి సొంతం. బెస్తవానికి వల సొంతం, వల పడే చోటు పరాయిది. ఏడాదికొకసారి దాన్ని డబ్బు పెట్టి అడుక్కోవాలి.

సముద్రం లేని కర్నూలు జిల్లాలో మత్స్యకారులేమిటని కోస్తా మిత్రుడొకరు నన్ను అడిగారు. వారి తప్పు లేదు. మత్స్యకారుడంటే తీరం, పడవ, తుపాను అన్న బొమ్మే పత్రికల్లో పడుతుంది. మా వైపు నీళ్లు వేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయినప్పుడు శ్రీశైలం జలాశయం నంద్యాల వైపు వెళ్లిపోయింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి మిగిలినవి కొన్నే. ఉత్తరపు అంచున పారే తుంగభద్ర, హొసపేట దగ్గరి ఆనకట్ట నుంచి కర్ణాటక పొలాలు దాటి వచ్చే దిగువ కాలువ, ఆ కాలువ పొడుగునా తాగునీటికని తవ్విన వేసవి నిల్వ చెరువులు, గోనెగండ్ల మండలంలో హంద్రీ మీద కట్టిన 4.5 టీఎంసీల గాజులదిన్నె ప్రాజెక్టు, ఆపై వాన కురిసిన ఏడు మాత్రమే చెరువులనిపించుకునే ఊరి చెరువులు. తుంగభద్ర జలాశయం కట్టిన నాటికి 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు సుమారు 105కు దిగింది. దిగువ కాలువకు మన రాష్ట్రపు వాటా కాగితం మీద 24 టీఎంసీలు. పూడిక తిన్నంత మేరా ఆ వాటాకూ కోత పడుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పత్రికలన్నీ ఆయకట్టు గురించి రాశాయి, న్యాయంగానే రాశాయి. ఆ కాలువ చివర చేప మీద బతికే ఇళ్లు కూడా ఉన్నాయన్న వాక్యం మాత్రం నా కంటికి ఎక్కడా కనిపించలేదు.

మా తాత చేపలు పట్టినదానికంటే పుట్టి నడిపినదే ఎక్కువ. వెదురు బద్దలను గుండ్రంగా అల్లి, మీద ఎనుము తోలు బిగించి కట్టిన పుట్టి అది. నది అవతలి కన్నడ సీమలో దాన్నే హరిగోలు అంటారు. ఇప్పుడు తోలు పోయి టార్పాలిన్, తారు వచ్చాయి, ఆకారం మాత్రం అదే. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1890లోనే కాలువలకు, ప్రజా రేవులకు ఒక చట్టం చేసింది. రేవును ప్రభుత్వం ప్రకటిస్తుంది, దాటేవారి దగ్గర సుంకం వసూలు చేసుకునే హక్కును కౌలుకిస్తుంది. దానినే జనం రేవు పాట అన్నారు. పాట పాడుకున్నవాడు ఒడ్డున చెట్టు కింద కూర్చునేవాడు, తెడ్డు వేసేవాడు బెస్తవాడు. నది మా తాతముత్తాతలకు తెలిసినట్టు ఆ పాటదారుకు తెలియదు. సుడి ఎక్కడ తిరుగుతుందో, ఇసుక ఎక్కడ దిగబడుతుందో వానికి అక్కరలేదు. వానికి తెలియవలసింది రోజుకెంతమంది దాటారన్నదే. 1909లో దక్షిణ భారత కులాల మీద సంపుటాలు వెలువరించిన థర్‌స్టన్ బెస్తలను చేపలు పట్టేవారిగా, పల్లకీ మోసేవారిగా నమోదు చేశాడు. పల్లకీ మోసినా, పుట్టి నడిపినా, బరువు మాది, కూర్చున్నవాడు వేరు.

2009 అక్టోబరు వరదకు నందవరం మండలం నాగలదిన్నె దగ్గర తుంగభద్ర మీది వంతెన కొట్టుకుపోయింది. అప్పుడు అందరికీ పుట్టి గుర్తొచ్చింది. కొత్త వంతెన లేచే దాకా అవతలి ఒడ్డు బంధుత్వాలు, సంతలు, ఆసుపత్రి ప్రయాణాలు నీటి మీదనే జరిగాయి. ఆ కాలంలో మా వాళ్ల పేరు మళ్లీ గౌరవంగా వినబడింది. వంతెన లేచింది, పుట్టి మళ్లీ గడ్డి మీద బోర్లా పడింది.

రేవు పాట పోయిందిగానీ చెరువు పాట మిగిలింది. దాని పద్ధతి స్థూలంగా ఇది. ఊరి చెరువైతే చేపల హక్కు పంచాయతీది. పెద్ద చెరువులైతే మత్స్యశాఖ చూస్తుంది. మత్స్యకార సహకార సంఘం ఉన్నచోట నిర్ణీత కౌలుకు సంఘానికే మొదటి అవకాశం ఇవ్వాలి. సంఘం ముందుకు రాకపోతే బహిరంగ వేలం. జలాశయాల్లో కౌలు కాక మనిషికింత, వలకింత అని ఏడాది లైసెన్సు. చదవడానికి న్యాయంగానే ఉంది. ప్రభుత్వం అడిగే కౌలు సైతం, నిజం చెప్పాలంటే, మోయలేనంత ఎక్కువ కాదు. ఈ మాట అంటే మా కులసంఘం నాయకులకు కోపం వస్తుంది. అయినా అంటున్నాను, ఎందుకంటే బెస్తవాడు నిజంగా కట్టే ధర ఆ కౌలు కాదు.

కౌలు ఒక్కసారిగా, ముందుగా, నీట్లో వల పడకముందే కట్టాలి. చేపపిల్లలు కొనాలి. కాపలా పెట్టాలి. వల అల్లించాలి. సంఘంలో ఉన్న నలభై, యాభై ఇళ్లలో అంత సొమ్ము ఒక్కచోట కనబడదు. అప్పుడు ఒక పెట్టుబడిదారు వస్తాడు. ఆయనకు ఎరువుల దుకాణమో, పత్తి వ్యాపారమో, కాంట్రాక్టు పనులో ఉంటాయి. కులం చెప్పనక్కరలేదు, ఊళ్లో భూమి ఎవరిదో ఆయన ఆ కులమే. ఆయన కౌలు కడతాడు, పిల్లలు పోయిస్తాడు. సంఘం సంతకం మాత్రం పెడుతుంది. పట్టిన చేప అంతా ఆయన కాటాలోనే పడాలి. ధర ఆయనే చెబుతాడు, తరుగు ఆయనే తీస్తాడు. సభ్యులకు కిలోకింత అని పట్టుబడి కూలి దక్కుతుంది. రికార్డులో చెరువు సంఘానిది, గట్టు మీద మాత్రం సావుకారుది. మా మామ లెక్క ప్రకారం తన వలలో పడిన ప్రతి మూడు కిలోల్లో ఒక కిలో ఖరీదు కౌలుకు, పిల్లలకు, కాపలాకు పోతుంది. ఇంకొకటి ధరలో, తరుగులో మాయమవుతుంది. మూడోది ఇంటికొస్తుంది. ఇది ఒక మనిషి లెక్కే, సర్వే కాదు. కానీ ఆయన ఆ లెక్క చెప్పినప్పుడు పక్కనున్న నలుగురిలో ఎవరూ కాదనలేదు.

ఇక చెరువులో నీళ్లే లేని ఏడు సంగతి. పశ్చిమ కర్నూలులో అది అరుదైన విషయం కాదు. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు మన్రో కలెక్టరుగా వచ్చి రైత్వారీ శిస్తు కట్టినప్పటి నుంచి ఈ నేలలో ఒక మాట ఉంది, పంట పోతే శిస్తులో మాఫీ అడగవచ్చునని. ఆ మన్రోయే 1827లో కలరాతో చనిపోయింది మా పత్తికొండలో. దయగల ప్రభువని ఆయన్ను పొగిడేవాళ్లున్నారు, శిస్తు పిండినవాడని తిట్టేవాళ్లూ ఉన్నారు. ఆ వాదం అటుంచితే, చెరువు నిండక మడి ఎండితే ఆ మడి మీది శిస్తును తగ్గించడమో, మాఫీ చేయడమో రెవెన్యూ వ్యవస్థ నేర్చుకుంది. అదే చెరువులో అదే ఎండకు చేపపిల్ల చచ్చిపోతే కౌలు తగ్గాలన్న ఊహ మాత్రం రెండు వందల ఏళ్లయినా ఎవరికీ రాలేదా? నేను చూసిన కౌలు ఒప్పందాల్లో ఏటా ఇంత శాతం పెంచాలన్న షరతు ఉంది, నీరు లేకపోతే తగ్గించాలన్న షరతు లేదు. ఆ చెరువు కింద రైతు ఒక కులం, చెరువు లోపల జాలరి ఇంకొక కులం. తేడా ఎక్కడిదో వేరే చెప్పాలా?

చట్టం దగ్గరకు వెళ్దామా అంటే అక్కడా ఒక కథ ఉంది. 1955లో సుప్రీంకోర్టు ముందుకు ఒరిస్సా చిల్కా సరస్సు వ్యవహారం వచ్చింది. ఆనంద బెహరా కేసు అంటారు. చేపల కోసం జమీందారుకు ముందుగానే సొమ్ము చెల్లించి రాబోయే సంవత్సరాలకు లైసెన్సులు తీసుకున్నవారు అర్జీదారులు. ఈలోగా జమీందారీ ప్రభుత్వపరమైంది, ప్రభుత్వం ఆ లైసెన్సులను గుర్తించలేదు. నీట్లో చేప పట్టుకుని తీసుకుపోయే హక్కు స్థిరాస్తి వంటి హక్కు అని న్యాయస్థానం చెప్పింది. గొప్ప మాట. అయితే స్థిరాస్తి హక్కు కాబట్టి వంద రూపాయలు దాటితే రిజిస్టరు పత్రం ఉండాలి, అది లేదు కాబట్టి వారికి హక్కే పుట్టలేదని కూడా చెప్పింది. సొమ్ము కట్టినవారు ఓడిపోయారు. మా మామ రేకుపెట్టెలోని చిత్తు చీటీలను చూసినప్పుడల్లా నాకు ఆ తీర్పు గుర్తొస్తుంది. హక్కు ఎంత పెద్దదైతే దానికి కావలసిన కాగితం అంత పెద్దదవుతుంది, ఆ కాగితం మనవాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండదు.

కులం పట్టికలు ఈ ఖర్చును ఎలా పెంచుతాయో చూడండి. అనంతరామన్ కమిషన్ నివేదిక తరువాత 1970లో రాష్ట్రంలో వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి వర్గాలుగా విభజించినప్పుడు బెస్త, గంగపుత్ర, జాలరి, గుండ్ల, పల్లి వంటి మత్స్యకార కులాలు బీసీ ఎ వర్గంలో చేరాయి. మా ప్రాంతంలో సంఖ్యలో పెద్దదైన బోయ కులమూ ఆ వర్గంలోనే ఉంది. 2020లో కేంద్రం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన తెచ్చింది. పడవకు, వలకు, ఐసుపెట్టెకు, బండికి అందులో రాయితీ ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం, మిగిలినవారందరికీ 40 శాతం. అంటే తరతరాలుగా నీటినే నమ్ముకున్న బెస్తవాడు ఆ పథకం పుస్తకంలో సాధారణ వర్గం. నిన్నగాక మొన్న ఆక్వా వ్యాపారంలో దిగిన భూస్వామి కూడా ఆ వరుసలోనే, అదే 40 శాతంతో నిలబడతాడు. మిగతా 60 శాతం పెట్టుబడి ఎవరు ముందుగా తేగలరో ఊహించడానికి తెలివి అక్కరలేదు.

తుంగభద్ర దాటితే ఇంకో వింత. అవతలి ఒడ్డున రాయచూరు జిల్లాలో బేడ, నాయక, వాల్మీకి పేర్లతో ఉన్న బోయలు షెడ్యూల్డు తెగ. ఇవతలి ఒడ్డున కౌతాళంలో, కోసిగిలో ఉన్న వారి మేనమామ కొడుకులు బీసీలు. శాసనసభ 2017లో ఒకసారి, 2023లో ఇంకొకసారి వారిని ఎస్టీల్లో చేర్చాలని తీర్మానించింది. తీర్మానాలు ఢిల్లీకి వెళ్లాయి, ఒడ్డు మారలేదు. నది ఒక్కటే, పుట్టి ఒక్కటే, చేప ఏ ఒడ్డున గుడ్డు పెట్టిందో దానికే తెలియదు. రాయితీ మాత్రం ఒడ్డును బట్టి 60, 40. నేను బోయలకు ఎస్టీ హోదా ఇవ్వాలా వద్దా అన్న వాదంలోకి వెళ్లడం లేదు, ఇప్పటికే ఎస్టీల్లో ఉన్న చిన్న తెగల భయం న్యాయమైనదే. నీటి వృత్తికి ఇచ్చే సాయాన్ని ఆ వృత్తిని బట్టి కాక పట్టికను బట్టి పంచితే వచ్చే వికృతిని చూపిస్తున్నాను.

సముద్రతీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి పరిహారం ఉంది. అది ఒకప్పుడు 10,000 రూపాయలు, 2025 నుంచి 20,000. రావలసిందే, అది వారి హక్కు. కాలువ కట్టేసిన నెలల్లో, చెరువు అడుగు కనబడిన నెలల్లో మా వాళ్లకు ఆ పద్దు కింద ఏమీ లేదు. వాళ్లు బెంగళూరు మట్టిపనికి పోతారు. ఆదోని డివిజన్‌లో వలస అన్ని కులాలకూ తెలిసిన దారే కాబట్టి ఎవరికీ వింత అనిపించదు.

ఈ లెక్కలో అన్నిటికంటే పెద్ద పద్దు ఎక్కడా రాయనిది ఒకటుంది, అది ఆడవాళ్లది. చేప నీట్లో నుంచి బయటికొచ్చాక దాని బరువంతా వాళ్ల నెత్తి మీదే. మా అత్త తెల్లవారక ముందే ఆటోలో బుట్ట వేసుకుని పోతుంది. సంతలో బుట్ట దించగానే ఆశీలు వసూలు చేసేవాడు వస్తాడు. ఆ వసూలు కూడా పాటే, ఏడాదికి పాడుకున్నవాడు చిల్లర చిల్లరగా రాబట్టుకుంటాడు. రోజుకు పది రూపాయలనుకున్నా ఏడాదికి 3,650. అమ్ముడు పోయినా పోకపోయినా ఆ పది పోవలసిందే. ఇదే ఆదోనిలో రాష్ట్రమంతటా పేరున్న పత్తి మార్కెట్ ఉంది. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం అక్కడ మార్కెట్ రుసుము కొనేవాడు చెల్లించాలి, అమ్మే రైతు కాదు. రైతును కాపాడడానికి రాసుకున్న నియమం అది. ఆ యార్డు గోడకు ఇవతల, మురుగుకాలువ పక్కన, చేపలమ్మే ఆడమనిషి మాత్రం అమ్ముకోవడానికి తానే చెల్లిస్తుంది. ఆమెకు తూకం వేసే నీడ లేదు, కోసిన చేప కడుక్కోవడానికి కుళాయి లేదు. సంఘం రిజిస్టరులో ఆమె పేరు కూడా లేదు. సభ్యత్వం మా మామది.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. సెలవురోజు చెరువు ఒడ్డున గాలం పట్టుకుని నిలబడ్డ ఫొటో పంపాడు. అక్కడ మంచినీటి చేపలు పట్టడానికి స్థానికుడికి ఏడాది లైసెన్సు 30 డాలర్లట. చాలాచోట్ల పడవను నీట్లోకి దింపే రేవుకు వేరే రుసుము ఉంటుంది. సరదాకు పట్టి, ఫొటో తీసుకుని, చేపను మళ్లీ వదిలేస్తాడు. పొట్టకూటికి పట్టే మేనమామ, సరదాకు పట్టే మేనల్లుడు, ఇద్దరూ లైసెన్సుదారులే అని ఇంట్లో నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక అడిగి తెలుసుకున్న సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆ దేశంలో 1950లో చేసిన ఒక చట్టం కింద కేంద్ర నిధులు కావాలంటే, చేపల లైసెన్సు మీద వచ్చిన ప్రతి డాలరునూ రాష్ట్రం చేపల, వన్యప్రాణుల శాఖ పనికే ఖర్చు పెట్టాలి, రోడ్లకో జీతాలకో మళ్లించకూడదు. గాలాల మీద పన్ను, పడవ ఇంధనం మీద పన్ను కూడా చేపలు పెంచడానికి, రేవులు కట్టడానికి తిరిగి వస్తాయి. అమెరికాను ఆదర్శం చేసుకొమ్మని అనడం లేదు, ఆ నదులు ఎవరి నుంచి లాక్కున్నవో మనకు తెలుసు. అడుగుతున్నది ఇంతే. మా చెరువు కౌలు పంచాయతీ ఖాతాలో పడ్డాక అందులో ఒక్క రూపాయి అయినా చెరువు గట్టుకో, పూడికకో, పుట్టి దింపుకునే మెట్టుకో తిరిగి వచ్చిందా? మా ఊళ్లో గట్టు దిగే చోట ఇప్పటికీ చేతులతో రాళ్లు పట్టుకునే దిగాలి.

జీవో 217 గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 2021లో నాటి ప్రభుత్వం 100 హెక్టార్లకు మించిన చెరువులను బహిరంగ వేలంలో పెట్టాలని నిర్ణయించి, నెల్లూరు జిల్లాతో మొదలుపెట్టింది. దళారుల చేతుల్లోంచి తప్పించి ఎక్కువ ధర తెచ్చి మత్స్యకారులకే పంచుతామన్నది ప్రభుత్వ వాదన. మత్స్యకార సంఘాలు మండిపడ్డాయి. 2022 ఫిబ్రవరిలో నరసాపురం సభలో పవన్ కల్యాణ్ ఆ జీవో ప్రతిని వేదిక మీద చింపారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మంత్రివర్గం దాన్ని రద్దు చేసింది. రద్దు మంచిదే. కానీ రద్దయిన రోజు మా చెరువు దగ్గర ఏ మార్పూ రాలేదు, ఎందుకంటే మా చెరువులో వేలం ఏనాడూ ఆగలేదు. అది బహిరంగం కాదు, అంతే. జీవో చెప్పింది సంఘాన్ని పక్కకు తోసి వేలం వేద్దామని. మా దగ్గర సంఘాన్ని ముందు నిలబెట్టి వెనుక వేలం వేస్తారు. మొదటిదాని మీద పోరాడినవాళ్లం రెండోదాని మీద నోరు విప్పకపోవడానికి కారణం, ఆ వెనుక వేలంలో మనవాళ్లకూ చిన్న వాటా ఉండటమే.

అది ఒప్పుకున్నాక ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నా చిన్నప్పుడు వేసవిలో చెరువు మోకాటి లోతుకు దిగితే ఊరంతా దిగి మిగిలిన చేప పట్టుకునేది. ఎవరు ఎప్పుడు దిగాలో వరుస ఉండేది. మొదట పాటదారు మనుషులు, తరువాత మేము, తరువాత ఊరు, బురదలో ఇంగిలాయిలు, పరకలు మాత్రమే మిగిలాక చివరికి మాలమాదిగ వాడ. ఆ వరుసను గీసింది పెద్దకులాలు. గట్టు మీద కర్ర పట్టుకుని కాపలా కాసింది మాత్రం మేము. ఇప్పటికీ రాత్రిపూట గాలం వేసిన మాదిగ కుర్రవాడిని దొంగవేట అని పట్టుకునేది మా సంఘం కాపలావాడే. పగటిపూట మొత్తం చెరువును ఎత్తుకుపోయే సావుకారుకు ఆ కాపలావాడే గొడుగు పడతాడు. గాజులదిన్నె జలాశయానికి సంజీవయ్య సాగర్ అని పేరు. ఈ జిల్లా పెద్దపాడులో పుట్టి 1960లో దేశానికి తొలి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరది. ఆ పేరున్న నీటి ఒడ్డున దళితుడు వల వేస్తే నేరం ఎందుకవుతుందని ఒక యువకుడు నన్ను అడిగాడు. సంప్రదాయ మత్స్యకారుల హక్కు అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను.

నా అభిప్రాయం ఇంకా పూర్తిగా తేలలేదు. మత్స్యకార కులాలకు మొదటి హక్కు ఉండాలనే అంటాను, ఎందుకంటే మాకు వేరే భూమి లేదు. తెలంగాణలో ముదిరాజులకు, గంగపుత్రులకు మధ్య చెరువుల మీద నడుస్తున్న తగవు చూస్తే, హక్కు తలుపు తీసిన మరుక్షణం సంఖ్యాబలం ఉన్నవాడే లోపలికి వస్తాడన్న భయమూ ఉంది. అయితే నీళ్లకు దూరంగా ఉన్న భూస్వామికి పట్నుంచి తలుపు తీసి, పక్కవాడలోని భూమిలేనివాడికి మూయడం ఏ సంప్రదాయం? నీట్లో నిజంగా దిగేవాళ్లకు, ఆ ఇంటి ఆడవాళ్ల పేరుతో సహా, లైసెన్సు కార్డులు నేరుగా ఇస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. కౌలును ఒక్కసారిగా కాక పట్టుబడి మొదలయ్యాక వాయిదాల్లో తీసుకుంటే సావుకారు అవసరమే సగం తగ్గుతుంది.

సహకార సంఘమంటే సంతకం కాదని ఎమ్మిగనూరుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరి పేరును దేశానికి తెలిపింది. సంఘమే నూలు ఇచ్చింది, సంఘమే బట్ట కొన్నది. నేతగాడికి షావుకారు గడప తొక్కే పని తప్పింది. తరువాత ఆ సంఘం ఎంత చితికిపోయిందో కూడా ఈ ఊరికి తెలుసు. అయినా పిల్లలు కొనిచ్చి, ఐసు ఇచ్చి, చేప తూచి కొనే సంఘం ఒకటి ఉంటే ఎలా ఉంటుందో ఊహించడానికి మేము దూరం చూడనక్కరలేదు, నాలుగు వీధుల అవతల చూస్తే చాలు.

మా మామ సంఘానికి చెరువు కౌలు గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. సర్వసభ్య సమావేశం చెరువు గట్టు మీది గంగమ్మ గుడి దగ్గర పెట్టారు. తీర్మానం ఎప్పటిలాగే ముందుగా రాసి వస్తుంది, అందరూ వేలిముద్రలు వేస్తారు. ఈసారి వేసే ముందు దాన్ని గట్టిగా చదివి వినిపించడానికి నన్ను రమ్మన్నాడు మామ. అత్తను కూడా తీసుకురమ్మని చెప్పాను. "ఆడోళ్లకు మీటింగులో ఏం పని అంటారు గదా అల్లుడా" అన్నాడు. ఆశీలు చీటీలు ఆమెవే గదా మామా, వాటిని తెమ్మను అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లేచి దూలానికున్న రేకుపెట్టె దించాడు.